బయట ఉండే బోటుకు తక్కువ ఖర్చులో బరకం: ఎంచుకోవడం నుంచి కట్టడం వరకు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రోజుల్లో బారువ మొదలుకొని భావనపాడు, కళింగపట్నం, బుడగట్లపాలెం మీదుగా విజయనగరం జిల్లాలో చింతపల్లి, ముక్కాం దాకా ఎక్కడ చూసినా బోట్లు ఒడ్డెక్కి ఇసుకలో వరసగా ఉంటాయి. కొన్నింటి మీద నీలం బరకం (టార్పాలిన్), కొన్నింటి మీద కొబ్బరి మట్టలు, కొన్నింటి మీద ఎన్నికలప్పటి ఫ్లెక్సీ. చాలావాటి మీద ఏమీ ఉండదు.

నేను ఫైబర్ బోట్ల రిపేరు పని చేస్తాను. నిషేధం ముగిసే ముందు నా దగ్గరికి వచ్చే బోట్లలో కొన్ని సముద్రంలో దెబ్బతిన్నవి, కొన్ని ఒడ్డున ఉండగానే పాడైనవి. ఈ రెండో రకం చూస్తే నిజంగా బాధేస్తుంది. అల కొట్టి పగిలితే ఎవరం ఏం చేయగలం? కానీ రెండు నెలలు కదలకుండా ఉన్న బోటు, అదీ పైన బరకం కప్పి ఉంచిన బోటు పాడైందంటే, అది మన చేతుల్లో ఉన్న పని. పాడైన వాటిలో మంచి ఖరీదైన బరకం కప్పినవీ చూశాను. పాత గుడ్డ కప్పినా చక్కగా ఉన్నవీ చూశాను. తేడా ఎక్కడుందో అర్థం కావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. మా చిన్నాన్న మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట: "గుడ్డకేటుందిరా బాబూ, ముందు గూడు సరిగ్గా కట్టు."

ఈ మార్గదర్శి అంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. తక్కువ ఖర్చులో మంచి బరకం ఎలా ఎంచుకోవాలో చెప్తాను. కానీ మీ దగ్గర ఉన్న డబ్బులో కొంత గూడుకు, అంటే బరకాన్ని కింద నుంచి నిలబెట్టే కర్రల చట్రానికి, మిగుల్చుకోండి, మొత్తం గుడ్డకే పెట్టేయకండి.

బోటును పాడుచేసేవి ఏమిటి

మొదటిది ఎండ. ఫైబర్ బోటు పైన మెరిసే పొరను మేం జెల్‌కోట్ అంటాం. నీళ్లు లోపలి ఫైబర్‌లోకి దిగకుండా ఆపేది అదే. ఎండలో ఉన్న అతినీలలోహిత కిరణాలు ఆ పొరను మెల్లమెల్లగా తినేస్తాయి. బోటు అంచు మీద అరచేయి రుద్ది చూడండి. చేతికి సుద్దపొడిలా తెల్లగా అంటుకుంటే ఆ పని మొదలైనట్టే. నైలాన్ తాళ్లు, వలలు, ఇంజిన్ వైర్ల పైతొడుగులు కూడా ఎండకే పెళుసెక్కుతాయి.

రెండోది నిలిచిన వాన నీరు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఉరుములతో కురిసే వాన మనకు కొత్త కాదు. ఆ నీళ్లు బోటు అడుగున చేరి, మేకులూ బోల్టులూ దిగిన రంధ్రాల దగ్గర రోజుల తరబడి నిలుస్తాయి.

అందరూ మరిచిపోయేది మూడోది: గాలి ఆడక లోపల పట్టే చెమ్మ. బరకం బిగించి కట్టేసిన బోటు లోపల పగలు ఆవిరి పడుతుంది, రాత్రి అదే ఆవిరి చెమటలా బరకం లోపలి వైపున పట్టి బొట్లు బొట్లుగా కిందికి రాలుతుంది. పైన వాన పడకపోయినా లోపల రోజూ వాన పడినట్టే.

మొన్నటి జూన్‌లో వచ్చిన ఒక బోటు సంగతి చెప్తాను. అమరం వైపు, అంటే ఇంజిన్ తగిలించే వెనక పలక మీద, చిన్న సుత్తితో తట్టి చూశాను. పైన తట్టితే 'టక్ టక్' అని గట్టిగా మోగింది. జానెడు కిందికి రాగానే 'డబ్ డబ్' అని తడి చెక్క మీద కొట్టినట్టు మెత్తగా పలికింది. బోల్టు ఊడదీస్తే రంధ్రంలోంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు కారాయి. చాలా ఫైబర్ బోట్లకు ఆ పలక మధ్యలో ప్లైవుడ్ ఉంటుంది. అది లోపల కుళ్లిపోయింది. యజమాని రెండు నెలలూ బరకం విప్పలేదు, బాగా బిగించాను అన్న ధైర్యంతో. ఆ పలక మొత్తం కోసి కొత్తది వేయాల్సి వచ్చింది. బరకానికి పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు దానికే పోయింది.

అందుకే బరకానికి మూడు పనులు చెప్పాలి: ఎండ ఆపాలి, నీళ్లు జార్చాలి, గాలి ఆడనివ్వాలి. మూడోది చేయలేని బరకం ఎంత మంచిదైనా ఉపయోగం లేదు.

బరకం కొనక ముందు బోటును సర్దుకోండి

బోటును నేరుగా ఇసుక మీద వదిలేయొద్దు. మూడు చోట్ల అడ్డంగా దుంగలు వేసి, వాటి మీద ఎక్కించండి. కింద గాలి ఆడుతుంది, తర్వాత తాడు పొట్ట కిందుగా లాగడానికీ వీలవుతుంది. అణియం వైపు, అంటే ముందు కొసను, అమరం కన్నా అర అడుగు ఎత్తులో ఉంచండి. అమరం దగ్గరున్న డ్రెయిన్ బిరడా తీసి పక్కన పెట్టండి. పోగొట్టుకోకుండా దానికి దారం కట్టి ఇంజిన్ బ్రాకెట్‌కు వేలాడదీయండి. బరకం ఎక్కడైనా చిరిగినా లోపల పడ్డ నీళ్లు వాటంతట అవే వెనక్కి జారి బయటికి పోతాయి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే సగం రక్షణ వచ్చినట్టే, పైసా ఖర్చు లేదు.

ఇంజిన్ విప్పి ఇంటికి తీసుకెళ్లండి. పెట్రోలు, కిరసనాయిలు డబ్బాలు బరకం కింద వదలొద్దు, మూసిన చోట ఆ ఆవిరి ప్రమాదం. తడి వలలు లోపల కుక్కి కప్పేయొద్దు. ఉప్పు అంటిన బోటును మంచినీళ్లతో ఒకసారి కడిగి, ఒక రోజంతా ఎండలో ఆరనిచ్చాకే కప్పాలి. ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతూనే ఉంటుంది కాబట్టి ఉప్పు మీద కప్పిన బోటు ఎప్పటికీ పూర్తిగా ఆరదు.

చోటు విషయంలో ఒక్క మాట. కొబ్బరి చెట్టు కింద నీడ బాగుంటుంది కానీ కాయ పడితే బరకమూ పోతుంది, బోటూ పగులుతుంది. సరుగుడు తోట వెనక వైపు మంచి చోటు, గాలిని విరుస్తుంది. మరీ చెట్ల కిందికి కాకుండా కొంచెం ఎడంగా ఉంచండి.

కొలత తాడుతో తీసుకోండి

చాలామంది బోటు పొడవు, వెడల్పు చెప్పి బరకం కొంటారు. ఇంటికొచ్చి చూస్తే పక్కల చాలదు. బరకం బోటు మీద పలకలా పరుచుకోదు, గుడిసె కప్పులా వాలుగా దిగాలి. ఆ వాలును కొలవాలి.

ముందు నడుమ ఎంత ఎత్తు కప్పు కావాలో అంత ఎత్తున ఒక కర్ర పట్టుకోమని ఎవరికైనా చెప్పండి. అంచు కన్నా కనీసం రెండడుగులు ఎత్తు ఉండాలి. ఒక పక్క అంచుకు రెండడుగుల కింద తాడు కొస పట్టుకుని, కర్ర మీదుగా అవతలి పక్క అంచుకు రెండడుగుల కిందికి లాగండి. ఆ తాడు పొడవే బరకం వెడల్పు. బోటు ఎక్కడ బాగా వెడల్పుగా ఉందో అక్కడే ఈ కొలత తీయాలి. పొడవుకు, బోటు పొడవుకు రెండు కొసల్లో రెండేసి అడుగులు కలపండి.

ఉదాహరణకు 28 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు ఉన్న బోటు అనుకుందాం. నడుమ కప్పు రెండడుగుల ఎత్తు. ఒక్కో వాలు దాదాపు 3.8 అడుగులు వస్తుంది, రెండు వాలులు కలిపి 7.6. రెండు పక్కలా రెండేసి అడుగుల దిగువ కలిపితే 11.6, అంటే 12 అడుగులు. పొడవు 32. మొత్తం 32 × 12, 384 చదరపు అడుగులు. ఈ అంకె గుర్తుంచుకోండి, దుకాణంలో అవసరం.

సరిగ్గా ఆ కొలతలో బరకం దొరక్కపోతే అతికించి ఇవ్వమనండి. ప్లాస్టిక్ బరకాలను వేడి మీద అతికిస్తారు. కుట్టు కన్నా అదే మేలు, సూది పడ్డ ప్రతి రంధ్రం నీళ్లకు దారే. కుట్టించక తప్పకపోతే రెండు ముక్కలు ఆరంగుళాలైనా ఒకదాని మీద ఒకటి పడేలా, పై ముక్క వాలు వైపుకు దిగేలా వేయించండి. పెంకుల మీద పెంకు ఎలా పడుతుందో అలా.

ఏ గుడ్డ

నీలం రంగు పల్చటి నేత బరకం. ఊళ్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ప్లాస్టిక్ పట్టీలతో నేసి రెండు వైపులా పూత పూస్తారు. ధాన్యం ఆరబెట్టడానికీ పలాసలో జీడిపిక్కలు ఎండేయడానికీ వాడేది ఈ జాతే. కళ్లంలో నాలుగు రోజులు పరిచి మడత పెట్టడానికి బాగుంటుంది. సముద్రపు ఎండలో, గాలిలో రెండు నెలలు పల్చటిది నిలవదు. మొదట రంగు వెలుస్తుంది, తర్వాత మడతల దగ్గర నీలం పొడి రాలుతుంది, ఆ తర్వాత ఒక రాత్రి గాలికి నిలువునా చీలుతుంది. ఇదే జాతిలో 200 జీఎస్ఎం, 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో ఆ లెక్క) దళసరివి ఉంటాయి. ఎండను తట్టే మందు కలిపారా అని అడిగి తీసుకోండి, దాన్ని యూవీ స్టెబిలైజ్డ్ అంటారు. ఈ నేత బరకాలకు ఐఎస్ 7903 అనే ప్రమాణం ఉంది, ఐఎస్ఐ గుర్తు కింద ఆ నంబరు కనిపిస్తే మంచిది.

నేత లేకుండా పొరల మీద పొరలు అడ్డదిడ్డంగా అతికించి చేసేది ఇంకో రకం. జనం దీన్ని సిల్పాలిన్ అంటారు. అది ఒక కంపెనీ బ్రాండు పేరే కానీ ఇప్పుడు ఆ జాతికంతటికీ వాడుక పేరైపోయింది. తేలిగ్గా ఉంటుంది, నీళ్లు అస్సలు దిగవు, చిన్న చిరుగు పడితే అది తొందరగా పాకదు. నిషేధ కాలం మాత్రమే కప్పి, మిగతా ఏడాది వేటకెళ్లే బోటుకు నేను చెప్పేది ఇదీ, లేదా 200 జీఎస్ఎంకు తగ్గని నేత బరకమూ.

లారీల మీద కప్పే పీవీసీ బరకం గట్టిది. ఏడాదంతా బయటే ఉండే బోటుకు, టూరిస్టులను తిప్పే చిన్న బోటుకు ఇది సరిపోతుంది. బరువు మాత్రం చూసుకోండి. మన ఉదాహరణ కొలతకు 500 జీఎస్ఎం పీవీసీ దాదాపు 18 కిలోలు తూగుతుంది, గాలిలో ఇద్దరు పట్టుకుని వేయాలి. కొత్తది ఖరీదే కానీ జాతీయ రహదారి పక్క లారీ షెడ్ల దగ్గర పాతవి దొరుకుతాయి. పాతది కొనేటప్పుడు సూర్యుడి వైపు ఎత్తి పట్టుకుని కింద నుంచి చూడండి. చుక్కల్లా వెలుగు కనిపిస్తే అవన్నీ రంధ్రాలు. తర్వాత ఒక మూల మడిచి గోటితో గట్టిగా నొక్కి విప్పండి. మడత గీత మీద పూత పగిలి లోపలి దారం కనిపిస్తే ఆ బరకం ఆయుష్షు అయిపోయినట్టే, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

నూలు కాన్వాసుకు ఒక గొప్ప గుణం ఉంది, అది గాలి పీలుస్తుంది. చెక్క నావలకు పెద్దవాళ్లు దాన్నే ఇష్టపడేవారు. కానీ తడిస్తే చాలా బరువు, ఆరకముందు మడిస్తే బూజు పట్టి కుళ్లుతుంది. రోజూ చూసుకోగలిగిన వాళ్లకే అది.

ఇక ఫ్లెక్సీ. ఊరికే వస్తుంది కాబట్టి మనసు లాగుతుంది. కానీ బోర్డు కోసం చేసిన గుడ్డ ఇది, మడతకూ గాలి కొట్టుడుకూ ఆగదు, ఎండకు పెళుసెక్కి పెంకులా పగులుతుంది. వేరే దారి లేకపోతే బరకం కింద, అంచుల దగ్గర ఒరిపిడికి అడ్డంగా ముక్కలు చేసి వాడండి. దాని పని అంతవరకే.

కొబ్బరి మట్టలు, తాటాకుల మాట తీసిపారేయొద్దు. ఎండ నుంచి కాపాడటంలో, గాలి ఆడనివ్వడంలో ఏ ప్లాస్టిక్ గుడ్డా తాటాకుకు సాటి రాదు. వాన ఆపడం దగ్గరే కష్టం. చేతిలో డబ్బు బొత్తిగా లేకపోతే కింద ఒక మోస్తరు బరకం వేసి, పైన అల్లిన కొబ్బరి ఆకు పరచండి. బరకం మీద ఎండ నేరుగా పడదు కాబట్టి అదే బరకం ఇంకా చాలా కాలం వస్తుంది. నర్సరీల ఆకుపచ్చ షేడ్ నెట్ పైన కప్పినా ఇదే లాభం.

రంగు గురించి కూడా అడుగుతారు. నలుపు, ముదురు నీలం ఎండను తాగి లోపల కొలిమి చేస్తాయి. తెలుపు, వెండి రంగు ఎండను వెనక్కి కొడతాయి. ఒక వైపు వెండి, ఒక వైపు నలుపు ఉన్నది దొరికితే వెండి వైపు పైకి వేయండి.

దుకాణంలో తూకం వేయించండి

ఈ చిన్న పని చేసేవాళ్లు చాలా తక్కువ. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. అంటే బరకం దళసరి ఎంతో తక్కెడ చెప్పేస్తుంది, ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

384 చదరపు అడుగులను 10.76తో భాగిస్తే 35.7 చదరపు మీటర్లు. 120 జీఎస్ఎం అయితే దాదాపు 4.3 కిలోలు తూగాలి. 200 అయితే 7.1 కిలోలు, 250 అయితే 8.9 కిలోలు. అంచు తాడు, రింగుల బరువు కాస్త అదనం.

ఒకసారి నేను ఒక దుకాణంలో 250 అని అడిగాను. "రెండొందల యాభయ్యే తమ్ముడూ, కళ్లు మూసుకుని తీసుకెళ్లు" అన్నారు. పక్క కిరాణా కొట్టు కాటా మీద పెట్టిస్తే అయిదు కిలోల చిల్లర చూపించింది. నేను కొలత తెలిసి వెళ్లాను కాబట్టి బతికిపోయాను. గొడవేమీ పడలేదు, ఇంకో కొట్టుకు వెళ్లాను. మీరు కూడా అడగడానికి మొహమాటపడకండి, డబ్బు మనది.

జీఎస్ఎం బదులు మందం మైక్రాన్లలో చెప్పినా, "ఫుల్ హెవీ" అని చెప్పినా తూకమే అడగండి. రింగులు ఇనుపవైతే సముద్రపు గాలికి నెలలోనే తుప్పు పట్టి గుడ్డను కోస్తాయి. అల్యూమినియం అయినా ఉండాలి, ఇత్తడి అయితే ఇంకా మేలు. మూడడుగులకు ఒకటి చొప్పున ఉండాలి, అంచు మడతలో తాడు పోసి ఉండాలి.

ఖర్చు లెక్క ఏడాది చొప్పున వేయండి. 2,000 పెట్టిన బరకం ఒక్క సీజనుకే పోయి, 5,000 పెట్టింది నాలుగు సీజన్లు వచ్చిందనుకుందాం. నాలుగేళ్లకు మొదటిది 8,000 తింటుంది. చవకైనది ఏదో అప్పుడు తెలుస్తుంది. అయితే చేతిలో ఒకేసారి 5,000 లేని ఇంటి సంగతి నాకు తెలుసు, నిషేధం రోజుల్లో మరీ కష్టం. అలాంటప్పుడు బరకం మధ్యరకంది తీసుకుని, కింద చెప్పే గూడు మాత్రం రాజీ పడకుండా కట్టండి.

గూడు

బరకం బోటు అంచుల మీద నేరుగా పరిస్తే నడుమ గుంట పడుతుంది. గుంటలో నీళ్లు నిలుస్తాయి. ఒక చదరపు మీటరు మేర నాలుగంగుళాల నీళ్లు నిలిస్తే అది 100 కిలోల బరువు. ఆ బరువుకు గుంట ఇంకా దిగుతుంది, ఇంకా నీళ్లు చేరతాయి, తెల్లారేసరికి రింగులు ఊడి బరకం బోటులోకి జారిపోతుంది. దళసరి గుడ్డ దీన్ని ఆపలేదు. వాలు ఒక్కటే ఆపుతుంది.

మన తీరంలో సరుగుడు కర్రకు కొదవ లేదు. అణియం నుంచి అమరం దాకా పొడవుగా ఒక వెన్నుకర్ర కావాలి. ఒకే కర్ర దొరక్కపోతే రెండు కర్రల కొసలు నాలుగడుగుల మేర ఒకదాని పక్కన ఒకటి చేర్చి కట్టండి. దాన్ని నిలబెట్టడానికి బోటు లోపల మూడు నాలుగు చోట్ల కత్తెర ఆకారంలో రెండేసి కర్రలు కట్టి ఆనించండి. కర్రల కాళ్ల కింద గోనె సంచి మడిచి పెట్టండి, లేకపోతే ఫైబర్ మీద గీతలు పడతాయి.

వెన్నుకర్ర ఒక్కటే ఉంటే, దానికీ అంచుకూ మధ్య బరకం సాగి మళ్లీ చిన్న గుంటలు పడొచ్చు. అందుకని వంచితే విరగని సన్నటి పీవీసీ పైపునో, చీల్చిన వెదురు బద్దనో కమానులా వంచి, మూడు నాలుగడుగులకు ఒకటి చొప్పున అంచు నుంచి అంచుకు పెట్టండి. కొసలు అంచుల లోపలి వైపు తాడుతో కట్టండి. పాతకాలపు గూడుపడవ కప్పు ఎలా ఉంటుందో అలా కనిపించాలి. కట్టాక కమాను మీద చేత్తో గట్టిగా నొక్కండి. ఒరిగిపోతే వాన బరువుకూ ఒరుగుతుంది.

ఇక అసలు పని. కర్రల మీద ఒక్కో గణుపునూ, కట్టిన ప్రతి ముడినీ, పైపు కోసిన ప్రతి కొసనూ వేలితో తడిమి చూడండి. వేలికి గుచ్చుకున్నది బరకానికీ గుచ్చుకుంటుంది. గాలికి బరకం రోజంతా అక్కడే ఒరుసుకుంటూ ఉంటుంది కాబట్టి చిరుగు మొదలయ్యేది అక్కడి నుంచే. పాత సైకిల్ ట్యూబు నిలువుగా చీల్చి ఆ చోట్ల చుట్టండి. బోటు అంచు పొడవునా పాత వల ముక్కలు మడిచి పరిచి కట్టండి. ఇంతకన్నా చవకైన రక్షణ నాకు తెలియదు.

కట్టడం

బరకం వేసేది పొద్దున్నే, గాలి లేవక ముందు. మధ్యాహ్నం సముద్రం గాలి మొదలయ్యాక ఇద్దరు మనుషులూ చాలరు. గాలి వచ్చే వైపు ముందు కట్టి, తర్వాత అవతలి వైపు లాగాలి.

బరకం అంచు బోటు పక్కలకు అంటుకుపోకుండా అరచేయి దూరంలో నిలవాలి. ప్లాస్టిక్ గుడ్డ ఫైబర్‌కు అతుక్కుని మధ్యలో చెమ్మ నిలిస్తే అక్కడ జెల్‌కోట్ తెల్లబారి పొక్కులు వస్తాయి. అణియం దగ్గర, అమరం దగ్గర త్రికోణంలా ఖాళీ వదలండి, గాలి ఒక కొసన దూరి ఇంకో కొసన పోవాలి. కుక్కలు, పందికొక్కులు దూరకుండా ఆ ఖాళీకి పాత వల కట్టండి.

రింగుకు నేరుగా తాడు కట్టి బిగిస్తే గాలి విసురుకు రింగే ఊడుతుంది. రింగుకూ తాడుకూ మధ్య జానెడు సైకిల్ ట్యూబు ముక్క కట్టండి. గాలి లాగినప్పుడు అది సాగి, తగ్గాక మళ్లీ వెనక్కి వస్తుంది. తాడు బోటు పొట్ట కిందుగా అవతలి రింగుకు పోవాలి. చెట్టుకు కట్టొద్దు, చెట్టు ఊగితే బరకం చిరుగుతుంది. నైలాన్ తాడు తడిస్తే సాగి వదులవుతుంది కాబట్టి మొదటి వాన తర్వాత మళ్లీ బిగించాలి.

రింగు ఊడిపోయిన చోట ఇలా చేయండి. గోళీ కన్నా కొంచెం పెద్ద గుండ్రటి గులకరాయి తీసుకుని, బరకం లోపలి వైపు అంచుకు నాలుగంగుళాల పైన పెట్టండి. గుడ్డను రాయి చుట్టూ మూటలా పట్టుకుని, మూట మెడకు తాడు రెండు చుట్లు చుట్టి బిగించండి. గుడ్డకు రంధ్రం పడదు, రింగు కన్నా గట్టిగా పట్టుకుంటుంది.

అన్నీ అయ్యాక మొత్తం మీద పాత వల ఒకటి విసిరి, దాన్నీ కింద కట్టేయండి. గాలి బరకాన్ని ఒకే చోట ఎత్తకుండా వల ఆ బలాన్ని అంతటా పంచుతుంది. పారేసే వల ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

వారానికోసారి

ఎండ బాగా ఉన్న రోజు ఒక పక్క విప్పి రెండు గంటలు గాలి ఆడనివ్వండి. లోపల చేయి పెట్టి బరకం లోపలి వైపు తడి ఉందేమో తడిమి చూడండి. తడి ఉంటే కొసల ఖాళీ ఇంకా పెంచాలి. బూజు వాసన వస్తే అప్పటికే ఆలస్యమైంది, ఆ రోజంతా విప్పి ఉంచండి. పైన ఎక్కడైనా నీళ్లు నిలిస్తే అక్కడ ఇంకో కమాను పెట్టాలి. నిలిచిన నీళ్లలో దోమలు పెరుగుతాయి, పక్కనే మన ఇళ్లున్నాయి.

చిన్న చిరుగు కనిపించిన రోజే అతకండి. పీవీసీ బరకానికి పీవీసీ సొల్యూషన్‌తో ముక్క అతుకుతుంది. నీలం బరకానికీ సిల్పాలిన్‌కూ ఆ జిగురు పట్టదు, ఆ ప్లాస్టిక్ జాతే వేరు. వాటికి బరకం టేపును రెండు వైపులా ఎదురెదురుగా వేయాలి, వేసే ముందు ఉప్పు, దుమ్ము తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.

తుఫాను కబురు వస్తే

బరకం ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. గాలి వేగం రెండింతలైతే బరకం మీద పడే తోపు నాలుగింతలవుతుంది. అప్పుడు బరకం తెరచాప అయిపోయి బోటునే దొర్లిస్తుంది. నిషేధ కాలంలో తుఫాను రాదనుకోవడమూ పొరపాటే, 2019లో ఫణి మే 3న పూరీ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటినప్పుడు ఆ గాలి ఎలాంటిదో మనం చూశాం.

కళింగపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలిసిన వెంటనే బరకం విప్పి, మడిచి ఇంట్లో పెట్టండి. కమానులు, కర్రలు కూడా తీసేయండి, గాలికి అవి ఈటెల్లా లేస్తాయి. బోటును వీలైనంత లోపలికి, ఎత్తు చోటికి లాగి, అణియం వైపు తాడు గట్టి గుంజకు కట్టండి. డ్రెయిన్ బిరడా తీసే ఉంచండి. రెండు రోజుల వాన లోపల పడినా అది కారిపోతుంది. వాన వెలిశాక ఆరబెట్టి మళ్లీ కట్టుకోవచ్చు.

నిషేధం ముగిశాక

విప్పిన బరకాన్ని మంచినీళ్లతో రెండు వైపులా కడగండి. సబ్బు వద్దు, మెత్తటి చీపురుతో రుద్దితే చాలు. రెండు వైపులా పూర్తిగా ఆరాక మడవండి. ప్రతి ఏడాదీ ఒకే మడత మీద మడిస్తే ఆ గీత దగ్గరే పగులుతుంది కాబట్టి చాపలా చుట్టడం మంచిది. ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీయండి. సైకిల్ ట్యూబు ముక్కలు, తాళ్లు, గులకరాళ్లు ఒక సంచిలో వేసి దానితోనే కట్టేయండి, వచ్చే ఏప్రిల్‌లో వెతుక్కోనక్కర్లేదు. బరకం ఒక మూల చెరగని మార్కరుతో కొన్న నెల, తూకం, బోటు కొలత రాసి పెట్టండి. మళ్లీ కొత్తది కొనడానికి కొట్టుకు వెళ్లేటప్పుడు ఆ మూల ఒక్కటి ఫోటో తీసుకుని వెళ్తే చాలు.